సిలిండర్ ఎవరు మోస్తారు?

హావ్‌లాక్ దీవిలో స్కూబా దుకాణాల ముందు తెల్లవారి ఆరున్నరకే చెప్పుల గుట్ట పడుతుంది. అందులో సగం కొత్త పెళ్లికూతుళ్లవి. మోచేతి దాకా ఎర్రగాజులు, ఇంకా వెలిసిపోని గోరింటాకు. అండమాన్ ఇప్పుడు ఉత్తరాది వాళ్లకీ మన వాళ్లకీ హనీమూన్ ఊరు. ప్యాకేజీలో అద్దాల అడుగు పడవ, రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయంతో పాటు ‘స్కూబా ఒకటి’ కలిపి ఇస్తారు.

కౌంటర్లో కుర్రాడు భర్తని అడుగుతాడు, “మేడమ్‌కి ఈతొచ్చా సార్?” అని. మేడమ్ పక్కనే నిలబడి ఉంటుంది. భర్త ఆమె వైపు తిరిగి “వచ్చా?” అంటాడు. ఆమె అతనికి చెబుతుంది, అతను కుర్రాడికి చెబుతాడు.

“వీళ్లకింకా అలవాటు కాలేదు. పాతికేళ్లు గడిస్తే మనల్ని అడక్కుండానే మన జవాబు చెప్పేస్తారు” అంది మా వదిన నా చెవిలో.

వదిన కాకినాడలో సైన్సు టీచరు. యాభై దాటింది. గోదావరి కాలవలో చిన్నప్పుడు నేర్చుకున్న ఈత ఆమెకి ఇప్పటికీ ఉంది. అన్నయ్యకి మాత్రం “అండమాన్ చూసొస్తాం” అని చెప్పి బయల్దేరింది. అది అబద్ధం కాదు. అండమాన్‌లో ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉందని ఆమె వాదన.

మేం వచ్చింది ప్యాకేజీలో ‘ఒకటి’ కోసం కాదు, పూర్తి కోర్సు కోసం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ప్యాకేజీ స్కూబాలో ఈత రానక్కర్లేదు. శిక్షకుడు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని, జాకెట్లో గాలి తనే నింపుతూ, తనే తీస్తూ, మనిషిని రీఫ్ మీద తిప్పి, రెండు ఫొటోలు తీసి ఒడ్డుకు చేరుస్తాడు. 12 మీటర్లకు మించి దించకూడదు. ఓపెన్ వాటర్ అనే కోర్సులో అయితే 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, నీళ్లు నిండిన మాస్కుని నీళ్లలోనే ఖాళీ చేయాలి, గాలి అందిస్తూ నోట్లోంచి ఊడిన రెగ్యులేటర్‌ని వెతికి పట్టుకోవాలి. అవన్నీ చేస్తే 18 మీటర్ల దాకా, తోడుగా ఇంకొక డైవర్ని పెట్టుకుని, సొంతంగా దిగొచ్చు. ఆడవాళ్లంటే మొదటిది చూపించడం, మగవాళ్లంటే రెండోది అమ్మజూపడం ఈ దీవి దుకాణాల్లో చాలాచోట్ల కనిపించింది. మేం కోర్సు అనగానే ఒకచోట కుర్రాడు మా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూశాడు.

*

హావ్‌లాక్ పడవ ఎక్కేముందు పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్లాం. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ల నోట పాత పేర్లు. జంగ్లీఘాట్‌లో కాలు పెడితే ఆ గొడవే లేదు. చెవికి శ్రీకాకుళం వచ్చేసినట్టే ఉంటుంది. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వంజరం ముక్కలు కోస్తున్న ఒక పెద్దావిడ మా తెలుగు విని కత్తి ఆపింది.

“ఏటమ్మా, హేవలాకెల్తన్నారా? ఏటుందక్కడ?”

“సముద్రం అడుక్కి దిగడం నేర్పుతారటమ్మా” అంది వదిన.

“డబ్బులిచ్చీసి మరీ ములుగుతారేటి!” అని ఆవిడ పగలబడి నవ్వింది. పక్క గంపలవాళ్లకి కూడా చెప్పింది. అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక, “మాయాయన పడవెక్కి నలభయ్యేళ్లు. నాను ఒక్క పాలి కూడా ఎక్కనేదు. ఆడోళ్లు ఎక్కకూడదంట. గంగమ్మకి పసుపు కుంకం మాత్తరం నానే ఎట్టాల” అంది.

బేరం అయ్యాక గంప తలకెత్తమని అడిగింది. చెరో పక్కా పట్టుకున్నాం. నడుం దాకా తేవడానికి మా ఇద్దరికీ ఊపిరాడలేదు. ఆవిడ కాస్త వంగి తల కింద పెట్టి, లేచి, మాట్లాడుతూనే నడిచిపోయింది. ఆ బరువు నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది, ఎందుకంటే హావ్‌లాక్‌లో విన్న మొదటి వాదన బరువు గురించే.

స్కూబా దుకాణాల్లో ఆడవాళ్లకి ఉద్యోగాలు ఎందుకు తక్కువ అంటే టక్కున వచ్చే సమాధానం, “సిలిండర్లు మొయ్యాలి కదా” అని. మన దగ్గర మామూలుగా వాడేది అల్యూమినియం సిలిండర్. ఖాళీది 14 కిలోలుంటుంది. 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే ఇంకో రెండున్నర కిలోలు పెరుగుతుంది. అవును, గాలికీ బరువుంది. పొద్దున్నే దుకాణం నుంచి బండికి, బండి నుంచి పడవకి, మధ్యాహ్నం మళ్లీ వెనక్కి ఇవన్నీ చేరవేయాలి. కష్టమైన పనే. కానీ జంగ్లీఘాట్ ఆవిడ గంప ముందు ఇదెంత? ఆవిడని “నువ్వు మొయ్యలేవమ్మా” అని ఎవరూ ఆపలేదు. ఆ పనికి జీతం లేదు, సర్టిఫికెట్ లేదు, ఫొటో లేదు. ఈ మూడూ ఉన్న చోటే ఆడమనిషి కండబలం మీద అందరికీ అనుమానం పుడుతుంది.

ఇంకో విచిత్రం ఉంది. ఆ బరువు ఒడ్డు మీదే. నీళ్లలోకి దిగాక సిలిండర్ వీపు మీద ఉన్నట్టే తెలియదు. లోపలి గాలి అయిపోతున్న కొద్దీ అల్యూమినియం సిలిండర్ పైకి తేలడం మొదలుపెడుతుంది. ఆ తేలుడుని కూడా లెక్కలో పెట్టుకునే నడుముకి సీసం దిమ్మలు కట్టుకుంటాం.

*

మా శిక్షకురాలు పుణె అమ్మాయి. ఎండకి నల్లబడిన ముఖం, భుజం దాకా కత్తిరించిన జుట్టు, తక్కువ మాటలు. మా జట్టులో మాతో పాటు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. ఒకడు జిమ్ము కుర్రాడు, ఆజానుబాహువు. మంచివాడు. నిజంగా మంచివాడు కాబట్టే అతని గురించి రాయాల్సి వస్తోంది.

మొదటిరోజు వదిన సిలిండర్ ఎత్తబోతే అతను పరుగెత్తుకొచ్చాడు. “ఆంటీ, మీరు వదిలెయ్యండి, నేను తెస్తా.” రెగ్యులేటర్ బిగించబోతే, “ఇటివ్వండి ఆంటీ, అది కొంచెం టైట్‌గా ఉంటుంది.” నా వంతు వచ్చేసరికి నాదీ బిగించేశాడు. శిక్షకురాలు వచ్చి చూసింది. ఒక్క మాటా అనకుండా మా ఇద్దరి సెట్లూ విప్పి, ముక్కలు ముక్కలుగా ఇసక మీద పట్టా వేసి పరిచింది. “మీరు బిగించండి” అంది మాతో. కుర్రాడితో, “మీరు చూడండి” అంది.

బీసీడీ అంటే గాలి నింపుకునే జాకెట్టు. దాని పట్టీని సిలిండర్‌కి తడిపి బిగించాలి, పొడిగా ఉంటే నీళ్లలో వదులవుతుంది. వాల్వ్ మూతి దగ్గర ఓ-రింగ్ అనే సన్నటి రబ్బరు చుట్ట చిట్లకుండా ఉందో చూడాలి. రెగ్యులేటర్ తగిలించి వాల్వ్ తిప్పితే గాలి బుస్సుమని గొట్టాల్లోకి పోతుంది. ఆ శబ్దం వినాలి. మీటర్ 200 దగ్గర నిలబడాలి. మీటర్ మీద కన్నుంచి నాలుగుసార్లు ఊపిరి పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగితే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని లెక్క. ఆ తప్పుతో దిగితే ఒడ్డు దగ్గర గాలి బాగానే వస్తుంది, లోతుకి వెళ్లాక చాలదు.

ఇవి తెలియని మనిషి నీళ్లలో ప్రయాణికురాలు. ఎవరో తోలుతున్న బండిలో కూచున్నట్టు. బండి తోలేవాడు బాగున్నంతసేపు బాగానే ఉంటుంది. వదిన మొదటిసారి బిగించడానికి కుర్రాడికంటే మూడింతల సమయం తీసుకుంది. ఓ-రింగ్ వంకరపోయి గాలి చీదింది. విప్పి మళ్లీ బిగించింది. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటమే అతనికి కోర్సులో అన్నిటికంటే కష్టమైన పాఠమై ఉంటుంది.

“నేను నేర్చుకునేటప్పుడు కూడా ఇంతే” అంది శిక్షకురాలు మధ్యాహ్నం భోజనాల దగ్గర. “నన్ను ఎవరూ వద్దనలేదు. అందరూ సాయం చేశారు. కోర్సు అయ్యేసరికి నాకు చేపల పేర్లు అన్నీ వచ్చు, రెగ్యులేటర్ బిగించడం రాదు.” కొందరు కస్టమర్లు ఆమెని చూసి “అసలు ఇన్‌స్ట్రక్టర్ ఎప్పుడొస్తారు?” అని అడుగుతారట. వచ్చేశారని చెబితే కాసేపు నవ్వి, నిజమని తెలిశాక పడవ నడిపే అతని వైపు చూస్తారట, ఏమైనా అయితే ఈయనున్నాడు కదా అన్న ధైర్యంతో. ఆ పడవ మనిషి కరెన్ తెగవాడు. 1925లో బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ దగ్గర స్థిరపరిచిన కుటుంబాల వారసుడు. సముద్రం విషయంలో ఆ ధైర్యం చాలావరకు సబబే. కానీ అతను కూడా ఏ సందేహమొచ్చినా ఆమెనే అడుగుతాడు.

*

బట్టల సంగతి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మన ఆడవాళ్లు సముద్రం దగ్గర ఆగిపోయే మొదటి మెట్టు అదే. స్కూబా అనగానే అందరికీ బికినీ గుర్తొస్తుంది. వెట్‌సూట్ అనే డైవింగ్ దుస్తులు, మాకు ఇచ్చినవి, మెడ నుంచి మడమల దాకా కప్పేస్తాయి. చీరలో కనిపించే నడుం కూడా వీటిలో కనిపించదు. అసలు ఇబ్బంది కప్పడం దగ్గర కాదు, అవి ఒంటికి అతుక్కోవడం దగ్గర, ఆ ఆకారంతో పదిమంది మగవాళ్ల మధ్య పడవ మీద కూచోవడం దగ్గర. వదిన దానికి సొంత పరిష్కారం కనిపెట్టింది. సూట్ మీద పైనుంచి లుంగీ చుట్టుకుని నీళ్ల అంచు దాకా నడిచి, అక్కడ విప్పి పడవ మనిషికి ఇచ్చేది. అతను దాన్ని మడతపెట్టి ఉంచేవాడు.

సైజులు ఇంకో కథ. హ్యాంగర్లకు వేలాడుతున్న సూట్లలో ఎక్కువ భాగం మీడియం, లార్జ్, అదీ మగవాళ్ల కొలత. వదులుగా ఉన్న సూట్‌లోకి నీళ్లు వచ్చిపోతూ ఒళ్లు చల్లబడుతుంది. పెద్ద బీసీడీ నీళ్లలో భుజాల మీదనుంచి జారి పక్కకి దొర్లుతుంది, మనిషి దానితో పాటు దొర్లుతుంది. ఒడ్డు నుంచి చూసేవాళ్లకి ఆమెకి ‘బ్యాలెన్స్ రాలేదు’ అనిపిస్తుంది. పక్క జట్టులో ఒక పెళ్లికూతురికి సూట్ చేతులు ఎర్రగాజుల దగ్గర ఇరుక్కుపోయాయి. గాజులు నలభై రోజులు తీయకూడదని అత్తగారు చెప్పారట. ప్లాస్టిక్ సంచి చుట్టి, సబ్బునీళ్లు పోసి, ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఎలాగో తొడిగించారు. ఆమె పైకొచ్చినప్పుడు ముఖంలో వెలుగు చూస్తే అంత తిప్పలూ పడదగిందే అనిపించింది. వదిన నల్లపూసలు సూట్ లోపలికి తోసి జిప్పు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

*

నీళ్లలో దిగాక మొట్టమొదట పోయేది మాట. నోట్లో రెగ్యులేటర్ ఉంటుంది, ఎవరూ ఎవరికీ ఉపన్యాసం చెప్పలేరు. పది మీటర్ల లోతుకి దిగితే ఒడ్డు మీదకంటే రెట్టింపు ఒత్తిడి. ప్రతి మీటరుకీ ముక్కు మూసి ఊది చెవులు సర్దుకోవాలి. జిమ్ము కుర్రాడు తొందరపడి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. వదిన తాపీగా, మెట్లు దిగుతున్నట్టు దిగింది. సైన్సు టీచరు కదా, ఒత్తిడి లెక్క ఆమెకి భయపెట్టే విషయం కాదు, ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే పాఠం.

ఆ తర్వాత గాలి లెక్క. ఒళ్లు పెద్దదైతే, కండ ఎక్కువైతే, ఊపిరితిత్తులు పెద్దవైతే గాలి ఎక్కువ ఖర్చు. ఆడవాళ్లకి సగటున ఈ మూడూ తక్కువ కాబట్టి అదే సిలిండర్ ఎక్కువసేపు వస్తుంది. కంగారుపడితే ఎవరికైనా త్వరగా అయిపోతుంది, అది వేరే సంగతి. జట్టులో ఒకరి గాలి తగ్గినా మిగతావాళ్లు కూడా తిరుగుముఖం పట్టాలి. మా డైవులు చాలావరకు ముగించింది ఆజానుబాహువే. అతను ఛాతీ మీద పిడికిలి పెట్టి ‘గాలి తక్కువ’ అని సైగ చేసేసరికి వదిన మీటర్లో ఇంకా సగం ఉండేది. పైకొచ్చాక ఆమె అతని సిలిండర్ వైపు చూసి, “తేనా బాబూ, మొయ్యనా?” అంది. అతను కూడా నవ్వేశాడు.

నెమో రీఫ్ దగ్గర సీ అనిమోన్ టెంటకిల్స్ మధ్య నారింజ రంగు క్లౌన్ చేపలు కనిపిస్తాయి. ఆ గుంపులో అందరికంటే పెద్దది ఆడది. మిగతావి మగవి, దాని కింద వరస ప్రకారం ఉంటాయి. ఆడది చచ్చిపోతే పెద్ద మగచేప ఆడదిగా మారుతుంది. వదినకి ఇది ముందే తెలుసు. “పిల్లలకి చెబుదామంటే హెడ్మాస్టరు సిలబస్‌లో లేదంటాడు” అంది. ఇదే రీఫ్‌లో చిలక చేపల్లో వరస తిరగబడుతుంది, ఆడవి మగవిగా మారతాయి. చేపల్ని మనుషులకి ఉదాహరణగా చూపించే ఉద్దేశం నాకు లేదు. వాటి బతుకు వాటిది.

*

సాయంత్రాలు గోవిందనగర్ బీచ్ దగ్గర టీ కొట్టులో కూచుని శిక్షకురాలిచ్చిన పాత పత్రికలు తిరగేసేవాళ్లం. నీళ్లలో ఊపిరి తీసుకోనిచ్చే ఆక్వాలంగ్ అనే యంత్రాన్ని ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాన్ 1943లో తయారుచేశారు. కుస్తో భార్య సిమోన్ అదే ఏడాది దాన్ని తగిలించుకుని దిగింది. తర్వాత కాలిప్సో ఓడ మీద భర్తకంటే ఎక్కువ కాలం ఆమే ఉంది. డబ్బు చాలనప్పుడు నగలు అమ్మింది. కుస్తో సినిమాల్లో మాత్రం ఆమె ముఖం దాదాపు కనిపించదు. కెమెరా ముందుకి రావడం ఆమెకి ఇష్టం లేదంటారు. నగలు అమ్మినావిడ తెరమీద లేకపోవడం చదివి మా వదినకి ఆశ్చర్యం కలగలేదు.

వియన్నాలో సముద్రం అడుగున సినిమాలు తీసే హాన్స్ హాస్ దగ్గర సెక్రటరీగా చేరిన లోటె కథ ఇంకా బాగుంటుంది. యాత్రలకి ఆడవాళ్లు పనికిరారని ఆయన అనేవాడు. ఆమె ఆయన కెమెరా తీసుకుని డాన్యూబ్ పాత పాయల్లో దిగి సొంతంగా ఫొటోలు తీసింది. 1950లో ఎర్రసముద్రం యాత్రకి ఆమెని తీసుకెళ్లక తప్పలేదు, ఎందుకంటే సినిమా కంపెనీకి తెరమీద ఒక అమ్మాయి కావాలి. నైపుణ్యం తెరవని తలుపు అందం తెరిచింది. లోపలికి వెళ్లాక పని మాత్రం నైపుణ్యంతోనే చేసింది. అమెరికాలో 1955లో లాస్ ఏంజెలెస్ కౌంటీ కోర్సు పాసై తొలి మహిళా శిక్షకురాలైన డాటీ ఫ్రేజియర్ సొంతంగా డైవింగ్ దుకాణం పెట్టి, సూట్లు తనే తయారుచేసి అమ్మింది.

అమెరికా సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ గురించి చదివినప్పుడు వదిన గట్టిగా నవ్వింది. 1970లో అమెరికా వర్జిన్ దీవుల దగ్గర, 15 మీటర్ల లోతున టెక్టైట్ అనే ఇంట్లో శాస్త్రవేత్తలు రెండేసి వారాలు కాపురం ఉండే ప్రయోగం జరిగింది. డైవింగ్‌లో ఎంత అనుభవమున్నా ఆడామగా ఒకే ఇంట్లో ఉండటం అధికారులకి మింగుడుపడలేదు. అందుకని సిల్వియాతో సహా ఐదుగురు ఆడవాళ్లతో విడిగా ఒక జట్టు వేశారు. వాళ్లు పని ముగించి పైకొస్తే విలేకరులు అడిగింది, లిప్‌స్టిక్ వేసుకున్నారా, జుట్టు ఆరబెట్టుకునే యంత్రం వాడారా అని. అదే సిల్వియా ఎర్ల్ 1979లో హవాయి దగ్గర లోహపు సూట్ వేసుకుని 381 మీటర్ల లోతున సముద్రపు నేల మీద నడిచింది.

ఇదంతా ‘తొలి మహిళ’ల కథ. వింటే సముద్రంలోకి ఆడవాళ్లు కొత్తగా వచ్చారనిపిస్తుంది. కొరియాలో జెజు దీవి హెన్యోలని తలుచుకుంటే ఆ భ్రమ పోతుంది. తరతరాలుగా అక్కడ డైవింగ్ ఆడవాళ్ల పని. సిలిండర్ లేదు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల దాకా దిగి నత్తలు, సముద్రపు నాచు ఏరుకొచ్చి ఇల్లు నడిపారు. ఇప్పుడు మిగిలినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. 2016లో యునెస్కో వాళ్ల సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చలినీళ్లలో పొట్టకూటికి దిగాల్సినప్పుడు ఆడదాని ఒళ్లు సరిపోయింది. అదే సముద్రం సరదా అయ్యాక, జీతమిచ్చే వృత్తి అయ్యాక, ఆమె ఒళ్లు సరిపోతుందా లేదా అని చర్చలు మొదలయ్యాయి.

*

ఆ ఒంటి గురించిన మాటల్లో రెండు రకాలున్నాయి. నెలసరిలో దిగితే సొరచేపలు రక్తం వాసన పట్టి వస్తాయన్నది ఒకటి. పడవ మీద ఒకాయన తన భార్యకి ఇదే చెప్పి ఒడ్డున కూచోబెట్టాడు. ఆ కారణంగా దాడులు పెరుగుతాయనడానికి ఆధారమేమీ లేదు. ఒంట్లో ఓపికుంటే, ఇష్టమైతే దిగొచ్చు. రెండోది గర్భం. ఇది మాత్రం నిజమైన నిషేధం. ఒత్తిడి తగ్గేటప్పుడు ఒంట్లో పుట్టే నత్రజని బుడగల్ని పెద్దవాళ్ల ఊపిరితిత్తులు చాలావరకు వడకడతాయి. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులు ఇంకా పనిచేయవు, రక్తం వాటిని తప్పించుకుని తిరుగుతుంది. అందుకే కోర్సు ముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో గర్భం గురించి అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు రాయాల్సింది ఆమే. మా పక్కన ఒక భర్త తన పత్రం, భార్య పత్రం రెండూ తనే టిక్కులు పెట్టేసి సంతకానికి మాత్రం ఆమెకి అందించాడు. శిక్షకురాలు ఆ కాగితం చించి కొత్తది ఇచ్చింది.

ఇంకో విషయం ఉంది, దాన్ని ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకుంటారు. గెస్ట్‌హౌస్‌లో కలిసిన ఒక విజయవాడ అమ్మాయి వేరే తీరంలో ప్యాకేజీ స్కూబా చేసిన అనుభవం చెప్పింది. వెనకనుంచి పట్టుకున్న చెయ్యి పట్టుకోవాల్సిన చోట లేదు. “నీళ్లలో అరవలేను కదా ఆంటీ” అంది. పైకొచ్చాక తనకే అనుమానం వచ్చిందట, పొరపాటున తగిలిందేమో, ఈత రాని నన్ను పట్టుకోవాలి కదా అని. ఎవరికీ చెప్పలేదు. స్కూబాలో చెవి నొప్పికి సైగ ఉంది, గాలి అయిపోతే సైగ ఉంది, సొరచేపకి సైగ ఉంది. దీనికి లేదు. మర్నాడు ఈ సంగతి మా శిక్షకురాలితో అంటే ఆమె బొటనవేలు పైకెత్తి చూపించింది. నీళ్లలో దానర్థం ‘బాగుంది’ కాదు, ‘పైకి పోదాం’. “ఏ డైవర్ అయినా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా డైవ్ ఆపేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఎవరూ అడక్కూడదు. ఇది మా పనిలో చాలా పాత నియమం. ప్యాకేజీలో వచ్చేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు, అదే తప్పు” అంది.

ఆ నియమం నాకు కోర్సు మొత్తంలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది. ఒడ్డు మీద ఆడమనిషి దేనికైనా వద్దంటే కారణం చెప్పాలి, ఆ కారణం నెగ్గాలి, నెగ్గాక కూడా నాలుగుసార్లు చెప్పాలి. పద్దెనిమిది మీటర్ల లోతున ఒక్క వేలు చాలు.

వదిన కోర్సు పాసైంది, నేనూ అయ్యాను. ఆమె అన్నయ్యకి ఫోన్ చేసి చెబితే అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “ఎవరు పట్టుకున్నారు నిన్ను?” అన్నాడట. “నేనే ఇంకొకళ్ల ఓ-రింగ్ సరిచేశాను” అని ఆమె సమాధానం.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. మన విశాఖలో ఋషికొండ దగ్గరా స్కూబా ఉంది, అండమాన్ దాకా పోనక్కర్లేదు. నీళ్లు స్వచ్ఛంగా కనిపించాలంటే మాత్రం అండమాన్‌కి సాటి లేదు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. డబ్బు కట్టేముందే మీ సైజు సూట్, బీసీడీ ఉన్నాయో లేదో తొడిగి చూడండి. శిక్షకురాలు కావాలంటే మొహమాటపడకుండా అడగండి. నీళ్లలో ఎక్కడ పట్టుకుంటారో ఒడ్డు మీదే చూపించమనండి. సిలిండర్ వాల్వో భుజమో పట్టుకుంటే చాలు. వీలుంటే ప్యాకేజీ మానేసి కోర్సు చేయండి, మీ సెట్టు మీరే బిగించుకోండి. ఎవరైనా మంచి కుర్రాడు సాయానికి వస్తే థాంక్స్ చెప్పి చూస్తూ ఉండమనండి. తిరుగు టికెట్ కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి: వరసగా డైవులు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు.